లంకలో గీసిన గీత

తాబేలు పిల్లలను కాపాడటానికి లంక దాకా పోయొచ్చిన మనిషిగా వరంగల్‌లో నాకు కొంత పేరుంది. ఎవరైనా నన్ను పరిచయం చేస్తూ ఆ మాట ఎత్తితే "అదెప్పటి ముచ్చటో లెండి" అని తప్పిస్తాను. చూసేవాళ్లు దాన్ని అణకువ అనుకుంటారు. అణకువా పాడా! అది సిగ్గు. నలుగురిలో ఆ మాట వచ్చినప్పుడల్లా నాకు లేచి పోవాలనిపిస్తుంది.

ఎనభైల మొదట్లో నేను హనుమకొండలో ఒక కాలేజీలో జంతుశాస్త్రం డిమాన్‌స్ట్రేటర్‌ని. కప్పలను కోసి చూపించేవాడినే తప్ప పాఠం చెప్పే యోగ్యత ఇంకా రానివాడిని. మాది నేత కుటుంబం. నాన్న పోయాక మగ్గం మూలపడింది. అమ్మ పవర్‌లూమ్ వాళ్లకు కండెలు చుట్టి నన్ను ఎమ్మెస్సీ దాకా చదివించింది. ఇంట్లో మేమిద్దరమే. అప్పటికి నేను సముద్రం చూడలేదు. నాకు తెలిసిన తాబేలల్లా మా ల్యాబులో ఫార్మలిన్ సీసాలో మెడ చాచుకుని ఉన్నదే.

ఒకరోజు డిపార్ట్‌మెంటు నోటీసు బోర్డు మీద ఒక ప్రకటన అంటించారు. శ్రీలంక దక్షిణ తీరంలో గుడ్లు పెట్టే సముద్రపు తాబేళ్లను కాపాడే కేంద్రం ఒకటుందట. వేసవిలో ఆరు వారాలు జీతం లేకుండా పనిచేసేవాళ్లు కావాలట. తిండి, వసతి వాళ్లవి, దారి ఖర్చు మనది. మూగజీవాల మీద ప్రేమతో దరఖాస్తు పెట్టానని తర్వాత చాలా సభల్లో చెప్పాను. నిజం వేరు. నాకు పీహెచ్‌డీ సీటు కావాలి. దానికి ఒక మంచి సిఫారసు ఉత్తరం కావాలి. అది సముద్రం దాటి వస్తే దాని దర్జానే వేరు.

స్టాఫ్‌రూమ్‌లో నన్ను వారం రోజులు ఏడిపించారు. "హనుమకొండోడు లంకకు పోతాండు. వచ్చేటప్పుడు తోక జర పైలం" అన్నాడు బోటనీ ఆయన. "లంకల పుట్టినోళ్లంత రాక్షసులేనట, బతకనిస్తరా నిన్ను?" అని ఇంకొకాయన. నేనూ నవ్వాను. నవ్వకేం, పాస్‌పోర్టు ఉన్నది స్టాఫ్‌రూమ్ మొత్తంలో నా ఒక్కడికే.

అమ్మ సకినాలు, మామిడికాయ తొక్కు, వేయించిన పల్లీలు మూటలు కట్టింది. అన్నిటికంటే అడుగున ఒక పాలపిండి డబ్బా పెట్టి, దానికి గుడ్డ చుట్టి, దారంతో గట్టిగా కట్టింది. అదేమిటని అడిగాను.

"చీమల మందు. ఏ దేశం పోయినా చీమలు చీమలే. నీ తినే సామాన్ల చుట్టు గీత గీసుకో" అన్నది.

నర్సంపేట దగ్గర మా మేనమామ పత్తి చేసేవాడు. చేను కోసం తెచ్చిన తెల్లటి పొడిలో కొంత మాకూ పంపేవాడు. మా ఇంట్లో బియ్యం బస్తా చుట్టూ తెల్ల గీత లేని రోజు నాకు గుర్తు లేదు. వాకిట్లో ముగ్గెంత మామూలో లోపల ఆ గీత అంత మామూలు. ఆ వాసన మా చీరల్లో, చద్దర్లలో కూడా ఉండేది. అది విషం అని మాకు తెలుసు. కానీ ఇంట్లో ఉన్న విషానికి ఎవరు భయపడతారు?

కాజీపేటలో రైలెక్కి మద్రాసు, అక్కడి నుంచి రామేశ్వరం, అక్కడ ఓడ. ఓడలో వాంతులు తప్ప నాకేమీ గుర్తు లేదు. అవతలి ఒడ్డున దిగాక రెండు రోజులు రైళ్లూ బస్సులూ మారితే కేంద్రం వచ్చింది. కేంద్రమంటే పెద్ద భవనం అనుకుని పోయాను. కొబ్బరి మట్టలు కప్పిన రెండు పాకలు, సముద్రానికి ఎదురుగా వెదురు కంచె వేసిన ఇసుక మడి, అంతే.

దాన్ని నడిపేది ఆ దేశపు యూనివర్సిటీలో పనిచేసే ఒక మేడం. యాభై ఏళ్లుంటాయి. ఇంగ్లిషులో మాట్లాడేది. ప్రతి పనికీ ఎందుకు, ఎప్పుడు, ఎవరు చెప్పారు అని అడిగేది. ఆమె కింద జీతానికి ఉన్నది ఒక్క ముసలాయన. ఒకప్పుడు ఆయన పని తాబేలు గుడ్లు తవ్వి సంతలో అమ్మడం. ఎక్కడ తవ్వాలో ఆయనకు తెలిసినంత ఎవరికీ తెలియదని, దొంగకే తాళం ఇచ్చినట్టు, మేడం ఆయననే కాపలా పెట్టింది. ఊళ్లో చాలామందికి ఆ సంగతి మింగుడుపడలేదు. ఎప్పటికైనా పాత బుద్ధి బయటపడుతుందని అనేవాళ్లు. మేడం కూడా ఆయనతో మొదటే చెప్పిందట, ఒక్క తప్పు జరిగినా పని పోతుందని.

పని ఇదీ. తెల్లవారుతూనే ఒడ్డు వెంట నడవాలి. రాత్రి తల్లి తాబేలు వచ్చి పోయిన జాడ ఇసుక మీద ఉంటుంది. ముసలాయన సన్నటి పుల్ల ఇసుకలో గుచ్చి, ఎక్కడ మెత్తగా దిగితే అక్కడ చేత్తో తవ్వేవాడు. గుడ్లను కదల్చకుండా, తిప్పకుండా బకెట్లోకి తీసేవాడు. వాటిని కంచెలోకి తెచ్చి అంతే లోతు గుంటలో పాతిపెట్టి, చుట్టూ వెదురు దడి నిలబెట్టి, తారీఖు రాసిన పుల్ల గుచ్చేవాళ్లం. దాదాపు యాభై రోజులకు పిల్లలు పైకి వస్తాయి. వాటిని లెక్కపెట్టి, దడి ఎత్తి, సముద్రంలోకి వదలాలి.

ఆయన భాష నాకు రాదు, నా భాష ఆయనకు రాదు. మన అలవాటు ప్రకారం మొదటి రోజు నుంచే "తాతా" అని పిలిచాను. పిలిచినప్పుడల్లా ఆయన ముఖం విప్పారేది. నన్ను "పుతా" అనేవాడు. తన ఇంటి నుంచి ఉడికించిన పనసతొనలు ఆకులో కట్టి తెచ్చిపెట్టేవాడు. ఎండలో తిరిగితే తన టోపీ తీసి నా నెత్తిన పెట్టేవాడు. రెండు వారాలకు మేడం నవ్వుతూ అడిగింది, "ఆయన్ని నాన్నా అని ఎందుకు పిలుస్తున్నావు?" అని. వాళ్ల భాషలో 'తాత్తా' అంటే నాన్నట. పుతా అంటే కొడుకు. ఆయనకు మగపిల్లలు లేరని, ఇండియా అబ్బాయి నాన్నా అంటున్నాడని ఊరంతా చెప్పుకుంటున్నాడని ఆమె అంది. మన భాషలో దానికి వేరే అర్థమని నేను మేడంకు చెప్పాను. ఆయనకు మాత్రం చెప్పొద్దన్నాను. ఆ ఒక్కటే నేను అక్కడ చేసిన మంచి పని.

గుడ్లకు ముఖ్యమైన శత్రువు చీమ. పిల్ల గుడ్డు పగలగొట్టుకుని ఇసుకలో నుంచి పైకి రావడానికి రెండు మూడు రోజులు పడుతుంది. ఆ వాసనకు ఎర్రచీమలు బారులు కట్టి లోపలికి దిగుతాయి. దానికి ముసలాయన విరుగుడు చూస్తే నాకు నవ్వొచ్చేది. కొబ్బరి కోరు గుప్పెడు తెచ్చి, గుంటకు పది అడుగుల దూరంలో పోసేవాడు. చీమలు అటు మళ్లేవి. మళ్లిన వాటిని కొబ్బరితో సహా తీసుకుపోయి తోటలో పారబోసేవాడు. మళ్లీ వచ్చి, మిగిలిన వాటిని ఈనెల చీపురుతో సుతారంగా ఊడ్చేవాడు. రోజుకు పదిసార్లు ఇదే పని. చీమలకు విందు పెట్టి సాగనంపే మనిషిని అక్కడే చూశాను. ఎమ్మెస్సీ చదివిన నాకు అది వట్టి చాదస్తంగా కనిపించింది.

నాలుగో వారంలో ఒక మధ్యాహ్నం ఆయన అన్నానికి ఇంటికి పోయాడు. కంచె దగ్గర నేనొక్కడినే ఉన్నాను. యాభై రోజులు నిండవచ్చిన ఒక గుంట మీదికి చీమల బారు పాకుతోంది. దడి లోపలికే చేరింది. పాకలోకి పోయి అమ్మ ఇచ్చిన డబ్బా తెచ్చాను. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పొడి పట్టి, మా ఇంట్లో బియ్యం బస్తాకు గీసినట్టే, దడికి లోపలివైపు గుండ్రంగా గీత గీశాను. గీత ఎక్కడా తెగలేదు. కాసేపట్లో చీమలన్నీ మాడి పడ్డాయి.

మేడంకు చెబుదామా అనుకున్నాను. చెబితే సవాలక్ష ప్రశ్నలు. అందుకని పొడి కనపడకుండా పైన కాస్త ఇసుక చల్లాను. తెలియక చేశానని తర్వాత ఎన్నిసార్లు నాకు నేను సర్దిచెప్పుకున్నా, ఆ చల్లిన ఇసుక దగ్గర ఆగిపోతాను. తెలియక చేసినవాడు పైన ఇసుక చల్లడు. చదవేస్తే ఉన్న మతి పోయిందంటారే, నాకు మతి పోలేదు, ఇంకా పెరిగింది.

ముసలాయన తిరిగి వచ్చేసరికి డబ్బా ఇంకా నా చేతిలోనే ఉంది. చచ్చిన చీమలను చూశాడు, గాలి పీల్చాడు, డబ్బా వైపు చూపించి ఏదో అడిగాడు. నేను "గుడ్, గుడ్" అన్నాను. ఆయన ఇంకా అనుమానంగానే నిలబడ్డాడు. కానీ నేను చదువుకున్నవాడిని, పైగా కొడుకుని. తల ఊపి ఊరుకున్నాడు.

మర్నాడు తెల్లవారుజామున పిల్లలు బయటికి వచ్చాయి. మేము లేచి పోయేసరికే వచ్చి చాలాసేపైంది. తాబేలు పిల్ల బయటికి రాగానే వెలుతురు ఉన్న వైపు, అంటే సముద్రం వైపు పాకుతుంది. దడి అడ్డం వచ్చేసరికి అన్నీ దాని అంచునే పట్టుకుని గుండ్రంగా తిరిగాయి. సరిగ్గా నా గీత మీదే తిరిగాయి. మేము చూసేటప్పటికి కొన్ని వెల్లకిలా పడి తెడ్లలాంటి కాళ్లు కొట్టుకుంటున్నాయి. కొన్ని మెడ వెనక్కి విరుచుకుని వణుకుతున్నాయి. చాలా వాటిలో కదలిక లేదు. ముసలాయన మోకాళ్ల మీద కూలబడి, ఒక్కొక్కదాన్ని సముద్రపు నీళ్ల బకెట్లో ముంచి కడిగాడు. నేను నీళ్లు మోశాను. ఏడెనిమిది తప్ప ఏవీ బతకలేదు. తొంభై పైచిలుకు పిల్లలు.

మేడం ఇసుక చేత్తో తీసి వాసన చూసింది. పక్కనే ఒక కొబ్బరి తోట ఉంది. అక్కడ చెట్లకు పురుగు పడితే ఇలాంటి పొడే వాడతారు. ముసలాయన ఖాళీ రోజుల్లో ఆ తోటలో కూలికి పోతాడు. ఆమెకు లెక్క కుదిరింది. ఆయన్ని వాళ్ల భాషలో అడిగింది. ఆయన ఒక్క మాట అన్నాడు. తల అడ్డంగా ఊపాడు. తర్వాత నా వైపు చూశాడు. నన్ను వేలెత్తి చూపలేదు, నా పేరు ఎత్తలేదు. చెప్పు అన్నట్టు చూశాడు, అంతే.

మేడం నా వైపు తిరిగి ఇంగ్లిషులో అంది, "తను కాదంటున్నాడు. మరి ఇంకెవరు చల్లుతారు? నువ్వు ఇండియా నుంచి మోసుకొచ్చావా?"

ఆమె విసుగులో అన్న మాట అది. అడిగిన ప్రశ్న కూడా కాదు. దానికి నేను నవ్వాను. ఆమెకు తోడుగా, ఎంత వెర్రి మాట అన్నట్టు నవ్వాను. ఆ నవ్వు ముసలాయన చూశాడు. తేలు కుట్టిన దొంగ నోరు మూసుకుంటాడంటారు. నేను దొంగకంటే నాలుగు ఆకులు ఎక్కువే చదివినవాడిని, నవ్వాను కూడా.

ఆ రోజే ఆయన పని పోయింది. సాయంత్రం నేను డబ్బాను సముద్రంలోకి విసిరితే అల దాన్ని తెచ్చి నా కాళ్ల దగ్గరే పెట్టింది. మళ్లీ విసిరాను, మళ్లీ తెచ్చింది. చివరికి తోటలో గొయ్యి తీసి పాతిపెట్టాను. మిగిలిన రెండు వారాలూ చీమలను కొబ్బరి కోరుతో మళ్లించే పని నేనే చేశాను. ఆ చాదస్తమే పనిచేసింది.

నేను బయల్దేరిన రోజు బస్సు దగ్గరికి ముసలాయన వచ్చాడు. పసుపుపచ్చటి కొబ్బరి బోండాం ఒకటి కొట్టి నా చేతికిచ్చాడు. "పుతా" అన్నాడు, ఇంకేదో అన్నాడు. కోపమా, దీవెనా నాకు తెలియదు. కండక్టరు తొందరపెట్టాడు. అక్కడ ఇంగ్లిషు వచ్చినవాళ్లు ఇద్దరు ముగ్గురున్నారు, ఆయన మాట ఏమిటో అడగొచ్చు. నేను అడగలేదు. బోండాం నీళ్లు తాగి బస్సెక్కాను.

వరంగల్ తిరిగొచ్చిన నెలలోనే మేడం రాసిన సిఫారసు ఉత్తరం వచ్చింది. శ్రద్ధగలవాడు, చూపు నిశితమైనది అని రాసింది. కాలేజీ వాళ్లు సుబేదారిలో ఒక హాలు తీసుకుని నాకు శాలువా కప్పారు. అమ్మ కొత్త చీర కట్టుకుని ఆడవాళ్ల వరసలో చివర కూర్చుంది. నేను బాగా మాట్లాడాను. చప్పట్లు పడుతుంటే మాట ఇంకా సాగింది. అవగాహన లేకపోతే ఎంత అనర్థం జరుగుతుందో చెప్పడానికి ఒక ఉదాహరణ కావలసి వచ్చింది. "అక్కడి కాపలాదారు చదువులేని మనిషి. పాపం, తెలియక చీమల మందు చల్లాడు. తొంభై పిల్లలు గిలగిలా కొట్టుకుని చచ్చిపోయాయి" అన్నాను. హాలంతా అయ్యో అంది. గురివింద గింజకు కూడా తన కింది నలుపు కనపడదు కాబట్టి ఊరుకుంటుంది. నాకు కనపడుతూనే ఉంది.

ఇంటికొచ్చాక అమ్మ చీర మార్చుకుని, స్టవ్ ముట్టించి, నా వైపు చూడకుండా అడిగింది.

"ఆ మందు మనదేనా?"

ఊఁ అన్నాను. ఎవరు చల్లారని ఆమె అడగలేదు. అడగాల్సిన పని లేకపోయింది.

"నేనే కట్టిచ్చిన గద" అన్నది. మంట తగ్గించి, "ఆయనకెంతమంది పిల్లలు?" అని అడిగింది. ఆడపిల్లలున్నారని తెలుసు, ఎంతమందో తెలియదన్నాను. "నెల రోజులు ఆయన పెట్టింది తిన్నవ్. పిల్లలెందరో అడగలే?"

మర్నాడు పొద్దున కండెలు పక్కన పెట్టి, నన్ను కాగితం, కలం తెచ్చుకొమ్మంది. తను చెబుతుంటే రాయాలట. తాబేళ్లు మళ్లీ గుడ్లు పెట్టే కాలం రాకముందే ఉత్తరం చేరాలట, ఆయన పని ఆయనకు రావాలట. చెప్పింది చెప్పినట్టు రాశాను. ఆ మాటలు నాకింకా నోటికి వచ్చు.

"అన్నా, దండాలు. నేను ఆ పిలగాని తల్లిని. ఆ మందు బియ్యానికి చీమలు పట్టద్దని నేనే ఇచ్చిన. మావోడు చదువుకున్నడు గని అక్కల్ లేదు. మీ దగ్గర చెప్పకుంట వచ్చిండు. తప్పు మాది, మీది కాదు. ఈ కాగితం మీ మేడంకు చూపియ్యుండ్రి. మీ పని మీకియ్యాలె."

దాన్ని ఇంగ్లిషులోకి మార్చి పోస్టు చేస్తానని జేబులో పెట్టుకున్నాను. ఇంగ్లిషు చేశాను కూడా, స్టాఫ్‌రూమ్‌లో కూర్చుని, డిక్షనరీ చూసి. ఆ కాగితం మేడం చేతికి పోతే ఏమవుతుందో నాకు తెలుసు. సిఫారసు ఉత్తరాన్ని ఆమె వెనక్కి తీసుకుంటుంది. పీహెచ్‌డీ ఇంటర్వ్యూ ఇంకా కాలేదు. ఇంటర్వ్యూ అయ్యాక పంపుదామనుకున్నాను. సీటు వచ్చింది. ఇప్పుడే పంపితే బాగుండదు, చేరాక పంపుదామనుకున్నాను. చేరాను. ఆలోగా లంకలో గొడవలు మొదలయ్యాయని పేపర్లో వచ్చింది. ఉత్తరం పంపకపోవడానికి సాకు దొరికి నాకు ఊపిరి తేలికైంది. ఒక దేశం తగలబడుతుంటే ఊపిరి తేలికైన మనిషిని నేను.

అమ్మ మాత్రం వారం వారం అడిగేది. "జవాబొచ్చిందా?" రాలేదనేవాడిని. "దూరం గద" అని తనే సర్దుకునేది. బియ్యం బస్తా చుట్టూ గీత గీయడం మానేసింది. బియ్యం ఎండలో పోసి, చీమలను చేటతో చెరిగేది. తిలా పాపం తలా పిడికెడు అంటారు. అందులో తన పిడికెడు అమ్మ తీసుకుని మోస్తోంది. నాది కూడా తన కొంగులోనే పోసి నేను చేతులు దులుపుకున్నాను.

ఒకరోజు ఆ అడగడం భరించలేక జవాబు వచ్చిందని చెప్పాను. అమ్మ చేతిలో కండె కింద పెట్టి, పైట సర్దుకుని, గోడకు ఆనుకుని కూర్చుంది. "చదువు" అంది. నా సంచిలో ఉన్నది పరీక్షల గురించి డిపార్ట్‌మెంటు పంపిన ఇంగ్లిషు సర్క్యులర్ ఒకటే. దాన్నే తీసి చదవడం మొదలుపెట్టాను.

నన్ను మళ్లీ పనిలో పెట్టుకున్నారమ్మా, మీరేమీ మనసులో పెట్టుకోకండి, మీ అబ్బాయి మంచివాడు, నన్ను నాన్నా అని పిలిచేవాడు, మొన్ననే చిన్న బిడ్డ పెళ్లి చేశాను అని చదివాను. చదువుతుంటే నాకే కళ్లలో నీళ్లు తిరిగాయి. అమ్మను క్షమించినట్టు ఆయన నోట్లో పెట్టిన ప్రతి మాటలోనూ నన్ను నేనే క్షమించుకున్నాను.

అమ్మ ముఖంలో ఎన్నాళ్లకో తేట కనిపించింది. "ఇంకొక్కసారి చదువు" అంది.

మళ్లీ చదివాను. పనిలో పెట్టుకున్నారన్నాను. మనసులో పెట్టుకోవద్దన్నాను. చిన్న బిడ్డ కాన్పుకు వచ్చింది, ఇంట్లో సందడిగా ఉంది అన్నాను.

"మొదలు చదివినప్పుడు ఆ పిల్లకు మొన్ననే పెండ్లైందంటివి" అంది అమ్మ.

నేను సర్క్యులర్‌లోకి చూశాను. పరీక్షల తారీఖులు కనిపించాయి. పక్క లైనులో అది కూడా ఉందని ఏదో గొణిగాను. మా అమ్మకు చదువు రాదు గానీ, చిన్నప్పటి నుంచి పడుగులో పోగులు లెక్కపెట్టిన మనిషి. ఒక్క పోగు తెగినా చీకట్లో చేత్తో తడిమి చెప్పేది. నా ముఖం వైపు కాసేపు చూసి, "సరే. కాగితం లోపల పెట్టుకో" అని లేచి కండె అందుకుంది.

ఆ తర్వాత జవాబు సంగతి ఆమె ఎప్పుడూ ఎత్తలేదు. అప్పటిదాకా మా ఇంటికొచ్చే ఉత్తరాలన్నీ అమ్మకు నేనే చదివి వినిపించేవాడిని. ఆ నెల నర్సంపేట నుంచి మేనమామ కార్డు రాశాడు. పోస్ట్‌మ్యాన్ వచ్చేసరికి నేను అరుగు మీదే కూర్చుని ఉన్నాను. అమ్మ నన్ను దాటుకుని వాకిట్లోకి పోయి, "అయ్యా, జర నువ్వే చదివి పో" అన్నది.